లేత ఆకుపచ్చ గోడ

పాత గోడ పోయిన రోజున అది పోయిందని ఎవరూ అనుకోలేదు. బాగుపడిందనే అనుకున్నారు. అలా అనుకున్నవాళ్లలో మొదటివాడు రంగుల మేస్త్రీ.

పరిశోధన కేంద్రంలో చివరి భవనం, నడవా కొసన ఉన్న గది అది. ఏళ్ల తరబడి మూసే ఉంది. ఒకప్పుడు అందులో యురేనియంతో ఏవో ప్రయోగాలు చేశారని, తర్వాత మానేశారని కేంద్రంలో అందరికీ తెలుసు. మనుషులకు ప్రమాదం లేదని కొలిచి తేల్చి, సామానంతా తీసేసి తాళం వేశారు. మిగిలినవి గోడలే. పెచ్చులు లేచిన పాత రంగు, గొట్టాలు పీకిన చోట తుప్పు చారలు, మోచేతి ఎత్తున ఎవరెవరి చేతులో ఆనిన మరకలు.

బయటి దేశాల నుంచి తనిఖీ బృందం వస్తోందని, భవనం చూడముచ్చటగా ఉండాలని పరిపాలనాధికారి మేస్త్రీని పిలిచి చెప్పాడు. డైరెక్టరు ఆ వారమంతా రాజధానిలో ఉన్నారు.

"ఆ మూసేసిన గది కూడానా సార్?" అని మేస్త్రీ అడిగాడు.

"వాళ్లు చూడ్డానికొచ్చేదే ఆ గదయ్యా బాబూ! దాన్నొదిలేసి మిగతావన్నీ మెరిపిస్తే ఏం లాభం? నలుగురిలో పరువు తియ్యకు."

మాట సబబుగానే తోచింది. చుట్టాలొస్తున్నారంటే ఇల్లు సర్దుకోనివాళ్లెవరు? పైగా మేస్త్రీకి తన కారణం తనకుంది. తనిఖీ సవ్యంగా జరిగితే బయటి దేశాలు మన మీద పెట్టిన ఆంక్షలు సడలిస్తారని రేడియో రోజూ చెబుతోంది. అక్క ఆస్పత్రిలో ఉంది.

అమ్మ పోయాక అతన్ని పెంచింది అక్కే. బడిపంతులమ్మగా పనిచేసి విరమించింది. ఇప్పుడు గొంతులో పుట్టిన పుండుకు ఆమెకు కిరణాల వైద్యం జరుగుతోంది. ఆ యంత్రం గుండెకాయ ఒక కోబాల్టు ముక్క. అది ఏటేటా నీరసపడుతుంది. నీరసపడ్డకొద్దీ ఒక్కో రోగిని ఎక్కువసేపు యంత్రం కింద పడుకోబెట్టాలి. కొత్త ముక్క అమ్మేవాళ్లున్నారు, డబ్బు కట్టడానికి ఆస్పత్రి సిద్ధంగా ఉంది. కానీ అది రేడియోధార్మిక పదార్థం కాబట్టి ఈ దేశానికి పంపకూడదని ఆంక్ష. అంచేత ఆస్పత్రి వరండాలో బెంచీలు పెరిగాయి, వంతులు సాగాయి, పొద్దున వెళ్లినవాళ్లు మధ్యాహ్నం దాకా కూర్చోవలసి వచ్చింది.

వచ్చేవాళ్ల మనసు చల్లబడాలని మేస్త్రీ ఆ గది మీద మనసు పెట్టాడు. పనివాళ్లిద్దర్ని వెంటబెట్టుకుని నేలను యాసిడ్ పోసి కడిగించాడు. కిటికీ అద్దాలు తుడిపించాడు. గోడను మామూలుగా అయితే గీకాలి, లప్పం పెట్టాలి, గరుకు కాగితంతో రుద్దాలి, అప్పుడు రంగు ముట్టించాలి. అంత వ్యవధి లేదు. ఉన్న గోడ మీదే రెండు కోటింగులు లేత ఆకుపచ్చ రంగు లాగించేశాడు. గీకకుండా వేయడం అతనికి నామోషీగానే ఉంది. వాళ్లు వెళ్లాక తీరిగ్గా మళ్లీ చేద్దాంలే అనుకున్నాడు.

మర్నాడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని నడవాలో నిలబడ్డాడు.

తనిఖీ బృందానికి పెద్ద ఒక నెరసిన జుట్టు ఆవిడ. మోకాళ్ల నొప్పి కాబోలు, మెట్లు ఎక్కుతూ ఆగి ఆగి వచ్చింది. పక్కన దుబాసీ, వెనక తెల్లటి గుడ్డముక్కలున్న పెట్టె మోస్తూ ఇద్దరు. ఆ గుడ్డముక్కలతో గోడలూ మూలలూ తుడిచి, అంటిన ధూళిని పరీక్షకు పంపుతారట. ఆ గదిలో ఏం జరిగిందో, ఎంతవరకూ జరిగిందో కంటికి కనపడని ఆ ధూళే చెబుతుందట. ఈ సంగతి మేస్త్రీకి తర్వాత తెలిసింది.

ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. గాలి పీల్చింది. లోపలికి వెళ్లి వేలి కొసతో గోడను తాకి, వేలు చూసుకుంది. ఆకుపచ్చగా అంటింది. ఏదో అడిగింది.

"ఈ రంగు ఎప్పుడు వేశారని అడుగుతున్నారు," అన్నాడు దుబాసీ.

పరిపాలనాధికారి గొంతు సవరించుకుంటున్నాడు. ఈలోగా మేస్త్రీ ఒకడుగు ముందుకు వేశాడు. మెచ్చుకోబోతున్నారనే అనుకున్నాడు.

"నిన్ననేనమ్మా! మీరొస్తున్నారనే వేశాం."

దుబాసీ ఒక క్షణం అతని మొహంలోకి చూసి, ఆ మాట అటు చేరవేశాడు. ఆవిడ పెట్టె మూసేయమని వెనకవాళ్లకు సైగ చేసింది. అప్పుడే రాజధాని నుంచి వచ్చి చేరిన డైరెక్టరు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

తర్వాత జరిగినవన్నీ ఆ మాట వెంట జరిగినవే. బయటి దేశాలవాళ్లు రేడియోలో అన్నారు, నేరం దాచడానికే రంగు పూశారని. మన మంత్రి అన్నాడు, మా గోడకు మేం రంగు వేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని. ఆంక్షలు సడలకపోగా బిగిశాయి. ఓడరేవు బయట సముద్రంలో వాళ్ల యుద్ధనౌకలు వచ్చి నిలబడ్డాయని పత్రికలు ఫొటోలు వేశాయి. బడుల్లో పిల్లలకు బెంచీల కింద దూరడం నేర్పారు. కేంద్రంలో మేస్త్రీకి కొత్త పని పడింది: బాంబు అదురుకు పగిలి గుచ్చుకోకుండా కిటికీ అద్దాలకు కాగితం పట్టీలు అంటించడం.

టీకొట్టు దగ్గర మనుషులు ఊరుకుంటారా?

"మేస్త్రీ, మా ప్రహరీకి రంగెయ్యాలి, ఎంత తీసుకుంటావు?" అని ఒకడు మొదలెట్టేవాడు.

"వద్దురా బాబూ, ఆయన కుంచె ముట్టుకుంటే ఓడలొస్తాయి," అని ఇంకొకడు అందుకునేవాడు.

"ఓడలెందుకూ, ఈసారి విమానాలే!"

మేస్త్రీ నవ్వినట్టు మొహం పెట్టి టీ తాగి వచ్చేసేవాడు. కొన్నాళ్లకు అటువైపు పోవడం మానేశాడు.

ఒకరోజు అద్దాలకు పట్టీలు అంటిస్తూ ఉండగా అతనికి తట్టింది. గోడను గీకలేదు కదా! తొందరలో చేసిన ముతకపని అది. పాత గోడ మరకలతో సహా రంగు కింద అలాగే ఉంటుంది. నిచ్చెన దిగి తిన్నగా డైరెక్టరు గదికి వెళ్లాడు.

డైరెక్టరు అంతా విని కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఆ సంగతి నాకు తెలుసు మేస్త్రీ. వాళ్లకీ తెలుసు. గోడ గీకుతాం, కాస్త సున్నం పట్టుకెళ్తాం అని ఆ మర్నాడే అడిగారు."

"మరింకేం సార్? గీకించండి. నేనే గీకుతాను, గంట పని!"

"మనవాళ్లు ఒప్పుకోలేదు."

"ఎందుకని?"

"ఊరికే ఎందుకివ్వాలంటున్నారు. ముందు ఏదో ఒక ఆంక్ష ఎత్తండి, అప్పుడు గోడ ముట్టుకోండి అని మనం. ముందు గోడ, తర్వాతే మాటలు అని వాళ్లు."

మేస్త్రీకి ఎన్నాళ్లనుంచో నాలుక చివర ఉన్న మాట బయటికి వచ్చింది.

"సార్, ఇంతకీ ఆ గోడ మీద నిజంగా ఏముంది?"

"మనం చెప్పిందే ఉంది," అన్నారు డైరెక్టరు. కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. "ఉండాలి. నేను ఇక్కడికి వచ్చేటప్పటికే ఆ గదికి తాళం ఉంది మేస్త్రీ. నీకు ఏం చెప్పారో నాకూ అదే చెప్పారు."

ఆ వారంలోనే ఆస్పత్రి నుంచి కబురు వచ్చింది, మిద్దె మీద ఆస్పత్రి గుర్తు వేయాలని. విమానాలవాళ్లు పైనుంచి చూసి వదిలేయాలని అంత పెద్దది కావాలన్నారు. మేస్త్రీ ఎండలో మోకాళ్ల మీద పాకుతూ మిద్దె పొడుగునా వేశాడు. సాయంత్రం దిగి, చేతులకు కిరోసిన్ రాసుకుని, అక్క దగ్గరికి వెళ్లాడు.

అక్క యంత్రం గది బయట బెంచీ మీద కూర్చుని ఉంది. మెడ దగ్గర చర్మం కమిలిపోయింది. మాట బొంగురుపోయింది గానీ పదును తగ్గలేదు.

"పైన ఏం చేస్తున్నావురా? పొద్దుణ్ణుంచి నెత్తిమీద దేక్కుంటున్న చప్పుడు."

"ఆస్పత్రి గుర్తు వేశానక్కా. బాంబులు వెయ్యకుండా."

"బాగానే ఉంది. నీ రంగుని వాళ్లు నమ్ముతారంటావా?"

పక్కన కూర్చున్న ముసలాయన పకపకా నవ్వి, నొప్పెట్టి గొంతు పట్టుకున్నాడు. మేస్త్రీ తల దించుకున్నాడు. గోడ సంగతి తన పనేనని ఆమెకు ఎవరు చెప్పారో!

"నాతో చెప్పకుండా ఎన్నాళ్లు దాస్తావురా? ఊరంతా కోడై కూస్తుంటే. ఇంతకీ ఏం రంగు?"

"లేత ఆకుపచ్చ."

"ఇంట్లో మా గదికి ఆ రంగే వెయ్యరా అని అడిగి అడిగి నా నోరు పడిపోయింది. ఇదిగో అదిగో అంటావు. ఎవరో తనిఖీ దొరసానికైతే ఒక్క రోజులో వేశావు."

"వేస్తానక్కా. నువ్వు ఇంటికి రాగానే."

"మిగిలిన డబ్బా ఉందా?"

"లేదక్కా. అదీ తనిఖీవాళ్లు పట్టుకెళ్లారు, పరీక్షకి."

"అబ్బో! అయితే మా గది రంగు దేశాలు తిరుగుతోందన్నమాట," అని ఆమె నవ్వబోయింది, దగ్గు వచ్చింది. మేస్త్రీ నీళ్లు అందించాడు. దగ్గు తగ్గాక మెల్లగా అంది: "ఒరే, నువ్వు నా కోసమే వేశావని నాకు తెలుసు. అది మనసులో పెట్టుకుని కుమిలిపోకు. ఆ గోడ మీద ఇంతమంది ఇంత రాద్ధాంతం చేస్తారని ఎవరనుకున్నారు?"

లోపలి నుంచి ఆమెను పిలిచారు. లేచి, గోడ పట్టుకుని నడిచింది. తలుపు మూసుకుంది. యంత్రం నడుస్తోందని తలుపు మీద ఎర్ర దీపం వెలిగింది. ఆ దీపం ఎంతకీ ఆరలేదు.

వానలు మొదలయ్యాక ఒక మంచి కబురు వచ్చింది. మూడో దేశం ఒకటి మధ్యవర్తిగా నిలిచింది. రెండు పక్షాలవాళ్లూ ఒకే హోటల్లో చెరో గదిలో కూర్చుంటే, మధ్యవర్తి ఈ గది మాట ఆ గదికి, ఆ గది మాట ఈ గదికి మోశాడు. చివరికి ఒక చిన్న ఒప్పందం కుదిరింది. తలుపు పక్క గోడ బారెడు మేర గీకి, కింది సున్నం తనిఖీవాళ్లు పట్టుకెళ్తారు. బదులుగా ఆస్పత్రి సామానుకు దారి విడుస్తారు. అందులో కోబాల్టు కూడా ఉంది. ఈ మాట డైరెక్టరే మేస్త్రీ ఇంటికి మనిషిని పంపి చెప్పించారు. రంగు ఎన్ని పొరలు వేశాడో వేసినవాడే చెబుతూ గీకాలని తనిఖీ ఆవిడ కోరిందట.

ఆ పొద్దున మేస్త్రీ ఆస్పత్రి మీదుగా వెళ్లాడు. అక్కను అప్పటికి మంచం మీదికి మార్చారు.

"గీకడానికి పోతున్నానక్కా."

"ఈసారైనా శుభ్రంగా గీకు," అంది ఆమె.

గదిలో అందరూ గుమిగూడి ఉన్నారు. తనిఖీ ఆవిడను కుర్చీ వేసి కూర్చోబెట్టారు. దుబాసీ ఆమె భుజం దగ్గర నిలబడ్డాడు. డైరెక్టరు కిటికీ దగ్గర. విదేశాంగ శాఖ నుంచి వచ్చిన అధికారి ఒకాయన ఫోన్ చేత్తో పట్టుకుని గుమ్మానికి ఆనుకుని ఉన్నాడు. కేంద్రంలో ఆయన్ని రాజధాని ఆయన అనేవారు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, నిద్ర చాలని కళ్లు.

మేస్త్రీ చేతులకు కొత్త తొడుగులు వేశారు. ఇంట్లోంచి తెచ్చుకున్న గీకే రేకు వద్దని, తళతళలాడే కొత్త రేకు చేతికిచ్చారు. నేల మీద తెల్లటి గుడ్డ పరిచారు.

"ఇది పై కోటింగు," అని చెప్పి మేస్త్రీ రేకు ఆనించాడు. రంగు లేత ఆకుపచ్చ చుట్టలుగా లేచి గుడ్డ మీద రాలింది. "ఇది కింది కోటింగు." ఇంకో చుట్ట రాలింది. ఆ సందులోంచి పాత గోడ అంచు కనపడింది. తుప్పు చార కొస. తనిఖీ ఆవిడ మోకాళ్లు పట్టుకుని కుర్చీలోంచి లేచింది.

అప్పుడు ఫోన్ మోగింది.

రాజధాని ఆయన విన్నాడు. అవునండీ అన్నాడు, మళ్లీ అవునండీ అన్నాడు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"ఆపండి."

ఓడలు పంపిన దేశం పెద్ద అప్పుడే అక్కడొక సభలో మాట్లాడాడట. మా ఓడల్ని చూశారు, గజగజలాడి గోడ గీకుతున్నారు, బెదిరింపు అంటే ఇదీ అన్నాడట. జనం చప్పట్లు కొట్టారట. అది ఇక్కడి రేడియోలో వచ్చేసింది. రాజధానిలో వీధుల్లోకి జనం వచ్చారు. ఇప్పుడు గీకితే భయపడి గీకినట్టే కాబట్టి ఆపమని పైనుంచి ఆజ్ఞ.

ఆవిడ గబగబా ఏదో అంది. "ఇంకొక్క నిమిషం చాలంటున్నారు. ఆ సభలో మాటలకీ తనకీ సంబంధం లేదంటున్నారు," అని దుబాసీ చెప్పాడు.

"ఆవిడకి లేదు, నాకు తెలుసు," అన్నాడు రాజధాని ఆయన.

మేస్త్రీ చెయ్యి ఆగలేదు. ఇంకో చుట్ట రాలింది. రాజధాని ఆయన వచ్చి అతని మణికట్టు పట్టుకున్నాడు. విసురుగా కాదు, మెట్లు దిగే పెద్దవాళ్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"మేస్త్రీ, ఇక చాలు."

"మా అక్క ఆస్పత్రిలో ఉంది సార్."

"తెలుసు."

"తెలిసీ ఆపమంటారా?"

"మా అమ్మాయి కాపురం ఓడరేవులో. ఇద్దరు చంటిపిల్లలు. ఆ ఓడలు అటే గురిపెట్టి ఉన్నాయి. ఇది గీకిస్తే ఓడలు వెనక్కి పోతాయని నమ్మకముంటే నేనే గీకుదును. ఇవాళ గీకితే, రేపు ఇంకో గోడ అడగడానికి ఇంకో నాలుగు ఓడలు పంపుతారని మావాళ్ల భయం. ఓడలు వెనక్కి రప్పిస్తే మనం గోడ మాటే ఎత్తమేమోనని వాళ్ల భయం. రెండూ ఉత్త భయాలని నేను చెప్పలేను."

మేస్త్రీ రేకు కింద పెట్టాడు. తొడుగులు విప్పాడు. గుడ్డ మీద రాలిన రంగు చుట్టలను తనిఖీవాళ్లు తీయబోతే, అవి కూడా గదిలోనే ఉండాలన్నాడు రాజధాని ఆయన. ఆవిడ మళ్లీ కుర్చీలో కూర్చుంది. చాలాసేపు ఆ బెత్తెడు సందు వైపే చూసింది. వెళ్లేటప్పుడు మేస్త్రీ ముందు ఆగి ఏదో చెప్పింది. దుబాసీ అప్పటికే నడవాలోకి వెళ్లిపోయాడు. ఆ మాటేమిటో మేస్త్రీకి తెలియలేదు, కానీ తల ఊపాడు.

తలుపుకు రెండు తాళాలు వేశారు. ఒకటి వాళ్లది, ఒకటి మనది.

కోబాల్టు రాలేదు. యంత్రాన్ని కొంచెం బతికే ఆశ ఉన్నవాళ్లకు కేటాయించవలసి వచ్చిందని ఆస్పత్రి డాక్టరు మేస్త్రీకి చెప్పాడు. అంత మాట అనలేక, నేల చూస్తూ చెప్పాడు. అక్కకు ముందే తెలుసు. "నన్ను ఆ మిషను కింద ఎంతసేపు పడుకోబెడితే నా వెనకున్న పిల్లకు అంత ఆలస్యం. లెక్కలు నేను చెప్పినవే కదరా ఊళ్లో సగం మందికి," అంది. ఆ తర్వాత ఎక్కువ మాట్లాడలేదు. మాట్లాడితే నొప్పి.

వానకు మిద్దె మీది గుర్తు వెలిసిపోయింది. మళ్లీ వేయమన్నారు. అక్క పోయినప్పుడు మేస్త్రీ అక్కడే ఉన్నాడు, నెత్తిన గుడ్డ చుట్టుకుని, కుంచె పట్టుకుని, ఆమె మంచానికి సరిగ్గా పైన. నర్సు మెట్ల మీదికి వచ్చి, మేస్త్రీ గారూ ఒకసారి కిందికి రండి అంది. ఆమె పిలిచిన తీరులోనే అతనికి తెలిసిపోయింది. కుంచె ఎండిపోకుండా కిరోసిన్ డబ్బాలో ముంచి దిగాడు. ఆ పని ఎందుకు చేశాడో తర్వాత అతనికే అర్థం కాలేదు.

పలకరించడానికి డైరెక్టరు వచ్చారు. అక్క గదిలోనే కూర్చున్నారు. గోడకు తడి లాగి రంగు పొరలు పొరలుగా లేచి ఉంది. మూల ఒక కొత్త డబ్బా మూత తీయకుండా ఉంది. మేస్త్రీ అది కొని చాలా రోజులైంది.

"చర్చలు మళ్లీ మొదలవుతాయంటున్నారు," అన్నారు డైరెక్టరు.

"గోడ సంగతి సార్?"

"అడుగుతారు. మనవాళ్లు ఏదో ఒకటి అడుగుతారు. చూద్దాం."

"నేనుంటాను సార్. ఎప్పుడు పిలిచినా వస్తాను."

డైరెక్టరు తల ఊపి లేచారు.

ఓడలు ఇంకా అక్కడే ఉన్నాయి. ఆస్పత్రిలో యంత్రం ఎర్ర దీపం మరింతసేపు వెలుగుతోంది. మేస్త్రీ రోజూ కేంద్రానికి వెళ్లి, ఊడిన కాగితం పట్టీలు మళ్లీ అంటించి వస్తాడు. చివరి భవనంలో నడవా కొసన గదికి రెండు తాళాలూ అలాగే ఉన్నాయి. తలుపు పక్కన గోడ బెత్తెడే గీకారు. మిగతాది గీకలేదు.